కొవ్వొత్తి నుంచి కొవ్వుకొండ దాకా

మూడేళ్ళ కిందట ఉగాది సంబరాలు అయిన రెండో రోజున మా సంఘం కార్యదర్శి గారికి ఒక ఈమెయిలు వచ్చింది. పండక్కి మేము అద్దెకు తీసుకున్న హాలు బాగోగులు చూసే పెద్దమనిషి రాసింది. ఉత్తరం మర్యాదగానే ఉంది. వంటింట్లో సింకు కింద గొట్టం మూసుకుపోయిందట. బయట మూత తీసి చూస్తే మురుగు అంచుదాకా నిలిచి ఉందట. డ్రెయిన్లు బాగుచేసేవాళ్ళను పిలిపించిన ఖర్చు మా డిపాజిట్టులోంచి మినహాయించుకుంటారట. అక్కడితో ఆపినా బాగుండేది. చివర్లో ఇంకొక వాక్యం చేర్చాడు: మీ వంటల తరహాకు మా వంటిల్లు సరిపోదేమో, వచ్చే ఏడాదికి వేరే చోటు చూసుకోండి అని. రెండు ఫొటోలు కూడా జతపరిచాడు. గొట్టంలోంచి తీసిన పదార్థం పసుపుపచ్చగా, గట్టిగా, అచ్చం మైసూర్‌పాకులా ఉంది.

కార్యవర్గ సమావేశంలో ఆ "మీ వంటల తరహా" అన్న మాట మీదే గంటసేపు రభస జరిగింది. ఇది మన రంగు మీద మాట, ఊరుకోకూడదన్నారు కొందరు. మనవాళ్ళకు ఎక్కడ ఏది పారబొయ్యాలో తెలీదు, నలుగురిలో పరువు పోయింది అన్నారు ఒక పెద్దాయన. ఆ రోజు వంటలో సాయపడిన వదిన గారు కళ్ళనీళ్ళ పర్యంతమయ్యారు. నేను మాత్రం నోరు విప్పలేదు. ఎందుకంటే గారెలు వేయగా మిగిలిన రెండు బాణళ్ళ పామాయిల్‌ని ఆ సింకులో వంపినవాణ్ణి నేనే. ఊరికే వంపలేదు. జిడ్డు కరిగిపోతుందని నాలుగు కెటిళ్ళ మరిగిన నీళ్ళు, అరసీసా అంట్ల సబ్బు కూడా పోశాను. నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో మంచి మార్కులే వచ్చాయి.

ఆ సంగతి ఆ సాయంత్రం చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు మాత్రం తప్పుచేసినవాడి అత్యుత్సాహంతో "ఈ డ్రెయిన్ల వ్యవహారమేమిటో కాస్త చదివి చెబుతానండీ" అన్నాను. వారాంతాల్లో లైబ్రరీకి వెళ్ళి చదవడం మొదలుపెడితే అది ఒక సింకుతో తేలే విషయం కాదని అర్థమైంది. అందులో ఈ దేశం రెండు వందల ఏళ్ళ వంటింటి చరిత్ర ఉంది.

ఆ ఫొటో చూడగానే నాకు గుర్తొచ్చింది మ్యూజియం. 2018లో మా పెద్దమ్మాయి బళ్ళో అందరూ చెప్పుకుంటున్నారని పట్టుబడితే, అప్పట్లో లండన్ వాల్ దగ్గర ఉన్న మ్యూజియం ఆఫ్ లండన్‌కి తీసుకెళ్ళాను. (2022 డిసెంబరులో ఆ భవనం మూసేశారు. మ్యూజియాన్ని స్మిత్‌ఫీల్డ్‌లోని పాత బజారు భవనాలకు తరలించే పని పెట్టుకున్నారు.) అక్కడ కోహినూరు వజ్రాన్ని చూపించినట్టు, చీకటి గదిలో, అద్దాల పెట్టెలో, ఒక మురుగు ముక్కను చూపించారు. బూడిదరంగులో, గుల్లగుల్లగా ఉంది. దానిలోంచి ఈగలు కూడా పుట్టుకొచ్చాయి. జనం వరుసలో నిలబడి చూశారు.

అది వైట్‌చాపెల్ ముక్క. 2017 సెప్టెంబరులో తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్ రోడ్డు కింద ఉన్న విక్టోరియా కాలపు మురుగుకాలువలో దీన్ని కనుగొన్నారు. పొడవు 250 మీటర్లు, బరువు 130 టన్నులు. వంటనూనె, కొవ్వు, పసిపిల్లలను తుడిచే తడిగుడ్డలు, డైపర్లు అన్నీ కలిసి రాయిలా బిగుసుకుపోయాయి. మనుషులు లోపలికి దిగి, నీళ్ళ ధారతో కోసి, పారలతో తవ్వి తీయడానికి వారాలు పట్టింది. ఇంగ్లీషులో దీన్ని ఫ్యాట్‌బర్గ్ అంటారు. ఐస్‌బర్గ్‌కి తమ్ముడన్నమాట. ఆ మాట 2015లో ఆక్స్‌ఫర్డ్ వారి ఆన్‌లైన్ నిఘంటువులోకి కూడా ఎక్కింది. తెలుగులో కొవ్వుకొండ అనుకుందాం.

వైట్‌చాపెల్ అనగానే మనకు గుర్తొచ్చేది పక్కనే ఉన్న బ్రిక్ లేన్, అక్కడి బంగ్లాదేశీ హోటళ్ళు. కూరల వీధి కింద కొవ్వుకొండ! ఇంకేముంది, ఈ వంటలవల్లే అని చాలామంది అనుకుని ఉంటారు. మా హాలు ఆయన మనసులో కూడా అదే ఉండి ఉంటుంది. దీనికి జవాబు తర్వాత చెబుతాను. ముందు ఆ కొండ ఎలా పుడుతుందో చూద్దాం.

లండన్ చుట్టుపక్కల ఉండే ప్రతి తెలుగింట్లోనూ కెటిలు అడుగున తెల్లటి చెక్కు కట్టడం మీరు చూసే ఉంటారు. ఇక్కడి నీళ్ళు సుద్దరాతి పొరల్లోంచి వస్తాయి, కాబట్టి వాటిలో కాల్షియం ఎక్కువ. రెండోది, మన చిన్నప్పుడు రేషన్ షాపులో ఇచ్చిన పామోలిన్ గుర్తుందా? ధనుర్మాసంలో తెల్లవారుజామున సీసాలో సగం గడ్డకట్టి, పొయ్యి పక్కన పెడితే గాని కారేది కాదు. ఈ రెండు సంగతులూ కలిస్తే కొవ్వుకొండ సగం అర్థమైనట్టే.

నూనె అయినా నెయ్యి అయినా రసాయనికంగా కొవ్వు ఆమ్లాలు, గ్లిజరిన్ జతపడ్డ పదార్థమేనని 19వ శతాబ్దం తొలిరోజుల్లో షెవ్రూల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తేల్చాడు. వేపుడు వేడికి కొంత, మురుగులో ఉండే సూక్ష్మజీవులవల్ల కొంత, ఆ జత విడిపోతుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లాలు గట్టినీళ్ళలోని కాల్షియంతోనో, కాంక్రీటు గొట్టాల్లోంచి ఊరే కాల్షియంతోనో కలుస్తాయి. అప్పుడు తయారయ్యేది సబ్బు. కాకపోతే నురగ రాని, నీళ్ళలో కరగని సబ్బు. అమెరికాలోని నార్త్ కరొలినా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు మురుగుకాలువల్లో పేరుకున్న గడ్డలు ఇలాంటి కాల్షియం సబ్బులేనని 2011లో చూపించారు. అంటే నేను గారెల నూనె మీద పోసిన సబ్బు దాన్ని కరిగించలేదు. చిన్న చిన్న బొట్లుగా చేసి ఓ నాలుగు మీటర్లు ముందుకు తోసింది, అంతే. మట్టిలో పాతిన చల్లటి గొట్టం తగలగానే పామాయిల్ తన గుణం చూపించింది.

సరే, చరిత్రలోకి వద్దాం. మన భాషలో క్యాండిల్‌ని ఏమంటాం? కొవ్వొత్తి. కొవ్వుతో చేసిన వత్తి. నలభై ఏళ్ళు ఆ మాట వాడుతూ కూడా దాని అర్థం గురించి ఎప్పుడూ ఆలోచించలేదు నేను. ఇప్పుడు కొవ్వొత్తిలో కొవ్వు లేదు, మైనం ఉంది. కాని రెండు వందల ఏళ్ళ కిందట లండన్‌లో పేదవాడి ఇంట్లో దీపం పశువుల కొవ్వుతోనే వెలిగేది. సబ్బూ దానితోనే వండేవారు. బండి ఇరుసుకు రాసేదీ అదే. ఆ రోజుల్లో కొవ్వును కాలువలో పారబోయడమంటే చిల్లరడబ్బులు పారబోయడమే.

హెన్రీ మేహ్యూ అనే పత్రికా రచయిత 1851లో లండన్ పేదల బతుకుల మీద ఒక పెద్ద గ్రంథం ప్రచురించాడు. వీధుల్లో తిరిగి, చెత్త ఏరేవాళ్ళనూ కుక్కల మలం పోగుచేసేవాళ్ళనూ (అది తోళ్ళ పరిశ్రమకు కావాలి) కూర్చోబెట్టి వాళ్ళ సంపాదన అడిగి రాసుకున్నాడు. అందులో వంటింటి జిడ్డు కొనేవాళ్ళ మీద ప్రత్యేకంగా ఒక ప్రకరణముంది. పెద్దిళ్ళలో మాంసం కాలుస్తున్నప్పుడు కారే కొవ్వును డ్రిప్పింగ్ అంటారు. దాన్ని అమ్ముకునే హక్కు వంటమనిషిది. జీతం మీద పైరాబడి అన్నమాట. కొనుక్కున్నవాళ్ళు మంచిదాన్ని పేదలకు అమ్మితే వాళ్ళు వెన్నకు బదులు రొట్టెకు రాసుకునేవారు. మురికిది కొవ్వొత్తులకూ సబ్బుకూ పోయేది. ఇంట్లో వంటమనిషి డ్రిప్పింగ్ ఎక్కువ రావాలని మాంసం వృథా చేస్తోందని యజమానురాళ్ళు మొత్తుకునేవారట. ఈ దేశంలో ఒకప్పటి ఫిర్యాదు జిడ్డు కాలువలోకి పోతోందని కాదు, అది వంటమనిషి జేబులోకి పోతోందని!

ఆ రోజుల్లోనే లండన్ కాలువలు కట్టారు. 1858 వేసవిలో థేమ్స్ నది కంపు భరించలేక పార్లమెంటు కిటికీలకు సున్నపు క్లోరైడులో తడిపిన గుడ్డలు కట్టుకున్న కథ మీరు వినే ఉంటారు. ఆ దెబ్బతో ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. ఇంజనీరు జోసెఫ్ బాజల్జెట్ 82 మైళ్ళ పొడవైన ప్రధాన కాలువలు కట్టాడు. ఆయన తాత ఫ్రాన్సు నుంచి వలస వచ్చి లండన్‌లో బట్టలు కుట్టిన దర్జీ. మనలాంటివాళ్ళు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. లండన్‌ను కలరా నుంచి కాపాడిన కాలువలు ఒక వలసకుటుంబం మనవడు కట్టినవి. చాలా కాలువలు గుడ్డు ఆకారంలో ఉంటాయి, సన్నటి కొన కిందికి. నీళ్ళు తక్కువున్నప్పుడు కూడా ఆ సన్నటి అడుగున వేగంగా పారి మడ్డిని ఈడ్చుకుపోతాయి. ఎంత అందమైన ఆలోచనో! కాని మనిషి మలమూ వాననీరూ లెక్కలోకి తీసుకుని చేసిన ఏర్పాటది. కొవ్వు అందులోకి పెద్ద ఎత్తున వస్తుందని ఎవరనుకుంటారు? దాన్ని కొనేవాడు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు కదా.

ఆ కొనేవాడి ప్రాధాన్యం మెల్లగా తగ్గింది. పడమటి ఆఫ్రికా నుంచి పామాయిల్ ఓడల్లో దిగింది. కొవ్వొత్తులకూ సబ్బుకూ అది చవక. తర్వాత గ్యాసుదీపాలు, కిరసనాయిలు, కరెంటు. వంటమనుషులున్న ఇళ్ళూ తగ్గాయి. ఇంకోవైపు 1860 ప్రాంతంలో తూర్పు లండన్‌లో జోసెఫ్ మాలిన్ అనే యూదు యువకుడు వేయించిన చేపా బంగాళాదుంప ముక్కలూ కలిపి అమ్మడం మొదలుపెట్టాడు. ఇంగ్లండు జాతీయ వంటకం అని చెప్పుకునే ఫిష్ అండ్ చిప్స్ కూడా వలసవాళ్ళ బాణలిలోదే. అర్ధశతాబ్దం తిరిగేసరికి ఊరూరా, వీధివీధికీ బాణళ్ళు వెలిశాయి.

అయినా రెండో ప్రపంచయుద్ధం ఒకసారి కథను వెనక్కి తిప్పింది. 1940 జనవరిలో వెన్నకూ, ఆ ఏడు జులైలో వంటకొవ్వులకూ రేషన్ పెట్టారు. మనిషికి వారానికి వెన్న 2 ఔన్సుల చుట్టుపక్కల. అంటే 57 గ్రాములు. మనింట్లో ఆదివారం పెసరట్లకే చాలదు. ఆ రేషను 1954 దాకా సాగింది. పద్నాలుగేళ్ళపాటు ఒక తరం మొత్తం మూకుడు అడుగున మిగిలిన జిడ్డును రొట్టెముక్కతో తుడుచుకు తింది. ఎముకలు కూడా దాచి ఇమ్మన్నారు. వాటి కొవ్వులోంచి వచ్చే గ్లిజరిన్ పేలుడు పదార్థాలకు కావాలి మరి. వీధిచివర పందుల మేత కోసం డబ్బాలు పెట్టి, ఇళ్ళలో మిగిలిన తిండి పోగుచేసి ఉడికించేవారు. ఉత్తర లండన్‌లోని టాటెన్‌హామ్‌లో అలా ఉడికించిన ముద్దకు టాటెన్‌హామ్ పుడ్డింగ్ అని పేరుపడింది. ఆ ఏళ్ళలో కాలువలోకి పోవడానికి కొవ్వు ఎక్కడ మిగులుతుంది?

యుద్ధం తర్వాత వచ్చింది మన అధ్యాయం. మన అంటే భారత ఉపఖండం వాళ్ళది. దీనికి ముందుమాట మాత్రం హైదరాబాదు నుంచే ఉంది. లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో 1926లో వీరాస్వామి అనే రెస్టారెంటు పెట్టిన ఎడ్వర్డ్ పామర్, జనరల్ విలియం పామర్‌కీ ఫైజ్ బక్ష్ బేగంకీ మునిమనవడు. ఆ జనరల్ గారి కొడుకే నిజాముకు అప్పులిచ్చి, చివరికి కుంభకోణంలో మునిగిన హైదరాబాదు పామర్ కంపెనీ యజమాని. మన చరిత్ర పుస్తకాల్లో చదువుకున్న పామర్లే. అలాంటి నాజూకు హోటలు వేరు. యుద్ధం తర్వాత లెక్కకు మించి వచ్చినవి సిల్హెట్ నుంచి ఓడల్లో పనిచేస్తూ వచ్చి, ఇక్కడ దిగిపోయిన బెంగాలీల హోటళ్ళు. వాళ్ళు చాలాచోట్ల పాత కఫేలనూ చేపల దుకాణాలనూ కొని, అదే బాణలి పక్కన కూర గిన్నె పెట్టారు.

ఆ దుకాణాలు ఉన్నవి ఎక్కడ? విక్టోరియా కాలపు వరుస ఇళ్ళ కింది అంతస్తుల్లో. ఒక కుటుంబం అంట్ల కోసం వేసిన గొట్టం. దాని మీద రోజుకు రెండు వందలమందికి వంట. కింద గదిలో సింకు, దాని వెనక నాలుగంగుళాల గొట్టం, ఆ తర్వాత బాజల్జెట్. మధ్యలో జిడ్డును ఆపేదేమీ లేదు. ఇది చేపల దుకాణానికీ, చైనా హోటలుకీ, మూలమీద పబ్బుకీ, మా హాలు వంటింటికీ అన్నింటికీ వర్తించేదే.

ఆపే సాధనం లేక కాదు. గ్రీజ్ ట్రాప్ 19వ శతాబ్దం చివరినుంచే ఉంది. అంతకంటే సులువైన యంత్రం లేదు, ఎందుకంటే అందులో తిరిగే భాగమే లేదు. సింకు నీళ్ళు ఒక పెట్టెలోకి వచ్చి నెమ్మదిస్తాయి, చల్లబడతాయి. నూనె నీటికంటే తేలిక కాబట్టి మీదికి తేలుతుంది. మెతుకులు అడుక్కి దిగుతాయి. మధ్యలో అడ్డుపలకలు. బయటికి పోయే దారి మట్టానికి కింద నుంచి ఉంటుంది కాబట్టి నడుమనున్న నీళ్ళే పోతాయి. పాలు కాచి, తొరక కట్టాక, అడుగునుంచి గొట్టంతో పాలు లాగినట్టు. చిక్కల్లా రెండు. మీద తెట్టు పేరుకున్నకొద్దీ నీళ్ళకు చోటు తగ్గిపోతుంది, కాబట్టి పావువంతు నిండగానే తీసెయ్యాలి. ఆ పని చేసినవాడు వారంరోజులు ఆ వాసన మోస్తాడు, కాబట్టి ఎవరూ చెయ్యరు. రెండోది, సలసల కాగే నీళ్ళూ బోలెడు సబ్బూ వస్తే నూనె పాలలా విరిగి నీళ్ళలో కలిసిపోయి, ట్రాపులో విడిపోవడానికి సమయం చాలక అవతలికి జారుకుంటుంది. నా నాలుగు కెటిళ్ళ ఉపాయం ట్రాపున్న వంటింట్లో కూడా పనికిరాదు.

చట్టం సంగతి. కాలువ పారుదలకు అడ్డం వచ్చేది ఏదీ అందులో వెయ్యకూడదని 1936 ప్రజారోగ్య చట్టంలోనే ఉంది. ఆ మాటే 1991 నీటి పరిశ్రమ చట్టం 111వ సెక్షన్లోకి వచ్చింది. రెండేళ్ళ జైలు దాకా వెయ్యవచ్చు. ఇంగ్లండులో వేడి వంటలు చేసే వ్యాపార వంటిళ్ళకు జిడ్డు వేరుచేసే సాధనం ఉండాలని భవన నిర్మాణ నిబంధనల మార్గదర్శక పత్రంలో 2002లో రాశారు. కాని అది కొత్తగా కట్టేవాటికీ మార్పులు చేసేవాటికీ వర్తించేది. వందేళ్ళ కిందటి వంటింట్లో ట్రాపు లేకపోతే, కాలువ మూసుకుపోయి, ఆ తప్పు ఫలానావాళ్ళదేనని రుజువయ్యేదాకా తలుపు తట్టేవాడు లేడు. ఇది నాకు సబబుగా అనిపించదు. వంద హోటళ్ళు పోసిన కాలువలో దొరికిన గడ్డ మీద ఎవరి పేరని రాసి ఉంటుంది?

ఇక్కడ కాకతాళీయమైన ఒక సంగతి ఉంది. 2001లో పశువులకు గాళ్ళవ్యాధి దేశమంతా ప్రబలింది. నార్తంబర్‌లాండ్‌లో హెడన్ ఆన్ ద వాల్ అనే ఊళ్ళో, హోటళ్ళ మిగులు తిండిని సరిగా ఉడికించకుండా పందులకు పెట్టిన చోట అది మొదలైందని తేల్చారు. ఆ ఏడాదే ఆ మేత నిషేధించారు. టాటెన్‌హామ్ పుడ్డింగ్ వంశం అక్కడితో ఆగింది. 2004 నవంబరు నుంచి హోటళ్ళ వాడిన నూనెను పశువుల దాణాలో కలపడమూ ఆపేశారు. ఆరోగ్యానికి మంచి నిర్ణయాలే. కాని మూడు నాలుగేళ్ళలో హోటలు జిడ్డుకు రెండు గుమ్మాలు మూసుకుపోయాయి. సరిగ్గా ఆ ఏళ్ళలోనే మా తరం సాఫ్ట్‌వేర్ వాళ్ళం సూట్‌కేసుల్లో ఆవకాయ పెట్టుకుని హీత్రోలో దిగాం.

మూడో గుమ్మం తెరుచుకున్నది డీజిలు వైపు. దీనికి ముందు ఒక తమాషా జరిగింది. 2002లో వేల్సులోని లనెథ్లీ చుట్టుపక్కల డీజిలు కార్లలో వంటనూనె పోసి, ఇంధనపు పన్ను ఎగవేసేవాళ్ళను పట్టుకోవడానికి పోలీసులు రోడ్డు మీద కార్ల వెనక వాసన చూశారు. పొగలో చిప్స్ వాసన వస్తే ఆపడమే! పత్రికలవాళ్ళు వాళ్ళకు ఫ్రయింగ్ స్క్వాడ్ అని పేరు పెట్టారు. తర్వాత ప్రభుత్వమే దారికొచ్చింది. 2007లో ఏడాదికి 2,500 లీటర్ల లోపు తయారుచేసుకునేవాళ్ళకు పన్ను తీసేశారు. 2008 ఏప్రిల్ నుంచి పెట్రోలు కంపెనీలు కొంత జీవ ఇంధనం అమ్మి తీరాలన్నారు. 2011 చివరినుంచి వాడిన నూనెతో చేసిన ఇంధనానికి లెక్కల్లో రెట్టింపు విలువ ఇచ్చారు. మేహ్యూ నాటి కొనుగోలుదారు మళ్ళీ గుమ్మంలోకి వచ్చాడు, ఈసారి వ్యానులో.

మరి నూనెకు ధర వచ్చాక కూడా 2013లో కింగ్‌స్టన్‌లో 15 టన్నులది, 2017లో వైట్‌చాపెల్‌లో 130 టన్నులది ఎందుకు పుట్టాయి? నేను చాలాసేపు తికమకపడ్డ చోటు ఇది. విషయమేమిటంటే, వ్యాను కొనేది బాణలిలో మిగిలిన శుభ్రమైన నూనెను. గిన్నెలకంటిన కూర జిడ్డు, పళ్ళేలలో మిగిలిన గ్రేవీ, ట్రాపు మీది తెట్టు, వీటిలో నీళ్ళూ మెతుకులూ కలిసి ఉంటాయి. వాటిని తీసుకుపోవడానికి మనమే డబ్బివ్వాలి. ధర ఉన్న కొవ్వు డ్రమ్ములోకి పోతోంది, ధర లేనిది కాలువలోకి పోతోంది. పోతూ పోతూ తడిగుడ్డలకు జిగురుగా పనికొస్తోంది. 2017లో నీటి కంపెనీల సంఘమైన వాటర్ యూకే కాలువలు మూసిన చెత్తను తీసి పరిశీలిస్తే, బరువులో నూటికి తొంభై పాళ్ళ పైన తుడుపు గుడ్డలేనని తేలింది. పసిపిల్లలున్న మనిళ్ళకూ అందులో వాటా లేకపోలేదు. వైట్‌చాపెల్ కొండలో కొంతభాగాన్ని చివరికి బయోడీజిలు చేశారు. అంతకుముందు దాన్ని తవ్వి తీయవలసి వచ్చింది.

ఇప్పుడు ఆ "మీ వంటల తరహా" సంగతి. 2015లో కొవ్వు గడ్డ బరువుకు కాలువ విరిగి, బాగుచెయ్యడానికి 4 లక్షల పౌండ్లయింది చెల్సీలో. లండన్‌లో శ్రీమంతులుండే పేట. 2019 జనవరిలో బయటపడిన 64 మీటర్ల కొండ డెవన్ తీరంలోని సిడ్మత్‌ది. పదవీ విరమణ చేసిన దొరలూ దొరసానులూ సముద్రపుగాలి పీల్చుకునే చిన్న ఊరు. అక్కడ గారెలు ఎవరు వేశారు? కార్యవర్గంలో రంగుమాట అన్న మిత్రులకు నేను ఈ రెండు ఊళ్ళ పేర్లు ఇచ్చాను. ఎంతో సంతోషించారు. పరువు పోయిందన్న పెద్దాయనకు మాత్రం ఇంకో సంగతి చెప్పాల్సి వచ్చింది.

మా ఊరు తెనాలి దగ్గర. అమ్మ గారెలు వేశాక బాణలిలో నూనె చల్లారనిచ్చి, గుడ్డలో వడగట్టి ఇత్తడి చెంబులో పోసి మూతపెట్టేది. వారమంతా తాలింపులకూ పులుసుకూ అదే. బాణలిని ముందు బూడిదతో రుద్దేది. బూడిదలో క్షారం ఉంటుంది, కొవ్వును అక్కడికక్కడే సబ్బు చేస్తుంది. షెవ్రూల్ గారి రసాయనశాస్త్రం కొబ్బరి పీచు చివర. ఆ కడిగిన నీళ్ళు పెరట్లో అరటిబోదెల్లోకి పోయేవి. మా ఇంటికి కాలువే లేదు, మూసుకుపోవడానికి. అంటే మనవాళ్ళకు ఎక్కడ ఏది పారబొయ్యాలో తెలీదనడం సరికాదు. పారబొయ్యకూడదనే తెలుసు. నూనె లీటరు చవకైపోయి, సింకు కింద చీకటిలో ఏముందో కనబడకపోవడంతో నాకే మరుపు వచ్చింది. అమ్మ ఆ రోజు ఆ హాల్లో ఉండి ఉంటే నా చెయ్యి పట్టుకునేది.

పెద్దాయనకు ఇదంతా చెబుతూ ఆ నూనె పోసింది నేనేనని కూడా చెప్పేశాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ హాలాయనకు రాశావా మరి?" అని అడిగారు. రాయలేదు. ఆ రాత్రి రాశాను. తప్పు సంఘానిది కాదు, నాది, ఆ రోజు వండినవాళ్ళెవరికీ ఈ సంగతి తెలియదు అని. చెల్సీ, సిడ్మత్ సంగతులు మొదట రాసి, మళ్ళీ కొట్టేశాను. క్షమాపణలో వాదన ఇమడదు.

రెండు రోజులకు జవాబొచ్చింది. వంటింట్లో ట్రాపు లేదనీ, క్రిస్మస్ భోజనాల తర్వాత కూడా ఆ గొట్టం ఒకటి రెండుసార్లు మొరాయించిందనీ, "తరహా" అన్న మాట తను రాసి ఉండాల్సింది కాదనీ రాశాడు. నూనె మీరే తీసుకుపోయే షరతు మీద రావచ్చన్నాడు.

ఈ ఏడు ఉగాదికి మళ్ళీ అక్కడే చేశాం. సింకు మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ కాగితం అంటించాం. గిన్నెలు నీళ్ళలో పెట్టేముందు కాగితంతో తుడవడానికి కుర్రాళ్ళను నిలబెట్టాం. గారెల నూనె 18 లీటర్లు మిగిలింది. చల్లారాక వడగట్టి, వచ్చిన డబ్బాల్లోనే తిరిగి పోస్తుంటే వదిన గారు వచ్చి చూశారు. మర్నాడు దగ్గర్లో వాడిన నూనె తీసుకునే చోట ఇస్తామని చెప్పాను. "ఒక్కసారే కాగిన నూనె, ఇంత మంచి నూనె, లారీలకు పోస్తారా?" అంటూ ఆవిడ ఖాళీ సీసా ఒకటి వెతికి తెచ్చి, గరాటు పెట్టి రెండు లీటర్లు నింపుకుని వెళ్ళారు, పులుసులోకి పనికొస్తుందని.